కోడిపెట్ట కంతిలో దాగిన రహస్యం: పేటన్ రౌస్ జీవితగాథ

పెరటి కోడికి ఒంటిమీద కంతి లేస్తే మాలూరు పరిసర గ్రామాలలో దానికి వైద్యం చేయించేవారు అరుదు. గుడ్లు పెట్టడం మానినదంటే కోయడమో, చూడ వెగటైతే గోతిలో పాతిపెట్టడమో జరుగుతుంది. కొక్కెర తెగులు వచ్చినదంటే వీధి వీధంతా కోళ్ళను మూసిపెట్టుకుంటుంది గానీ, ఒక పెట్టకు లేచిన ఒక కంతిని ఎవరూ లెక్కచేయరు. అది అంటుకునే వ్యాధి కాదని అందరి నమ్మకం. 1909లో అమెరికాలో అటువంటి ఒక కంతిని ఒక యువ వైద్యుడు లెక్కచేశారు. అది ఒక కోడినుంచి మరొక కోడికి సంక్రమించగలదని నిరూపించారు. ఆ మాటను ప్రపంచం పూర్తిగా అంగీకరించడానికి అర్ధశతాబ్దం పట్టింది. అంగీకరించిన పదిహేనేళ్ళకే మానవజాతిని హెచ్ఐవీ అనే మహమ్మారి చుట్టుముట్టింది. ఆ మహమ్మారిని గుర్తించడానికీ, దానికి మందు కనిపెట్టడానికీ అవసరమైన జ్ఞానమంతా ఆ కోడి కంతి వద్ద మొదలైనదే. ఆ వైద్యుని పేరు ఫ్రాన్సిస్ పేటన్ రౌస్.

రౌస్ 1879 అక్టోబరు 5వ తేదీన మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్ నగరంలో జన్మించారు. తండ్రి ధాన్యం వ్యాపారంలో మధ్యవర్తి. రౌస్‌కు పదకొండేళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. తల్లి పుట్టినిల్లు టెక్సాస్. ముగ్గురు పిల్లలతో మిగిలిన ఆ తల్లి పుట్టింటి నీడకు వెళ్ళిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని బాల్టిమోర్‌లో మంచి చదువులున్నాయన్న ఒకే ఒక్క కారణంతో ఆమె అక్కడే ఉండిపోయి, అరకొర ఆదాయంతోనే బిడ్డలను పెంచారు. ఈ నిర్ణయం లేకుంటే మిగిలిన కథ ఏదీ లేదు.

బాలుడైన రౌస్‌కు చెట్లూ పూలూ అంటే ప్రాణం. అడవిపూల మీద నెలనెలా స్థానిక దినపత్రికకు వ్యాసాలు వ్రాసి చేతిఖర్చుకు సంపాదించుకున్నారు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో 1900లో పట్టభద్రులై, అక్కడే వైద్యవిద్యలో చేరారు. రెండవ సంవత్సరంలో ఒక అనర్థం జరిగింది. క్షయతో మరణించిన వ్యక్తి శవాన్ని పరీక్షిస్తుండగా ఎముక గీసుకొని వేలికి గాయమైంది. ఆ గాయం గుండా క్షయ క్రిమి ప్రవేశించి చంకలోని గ్రంథులకు పాకింది. శస్త్రచికిత్స చేసి ఆ గ్రంథులను తొలగించారు. అప్పటికి క్షయకు మందు లేదు. విశ్రాంతి, మంచిగాలి, బలమైన ఆహారం, ఇవే చికిత్స. రౌస్ ఒక ఏడాదిపాటు చదువు మాని టెక్సాస్‌లో పశువుల మంద వద్ద పనిచేశారు. గుర్రాల మీద తిరుగుతూ, ఆరుబయట నిద్రిస్తూ గడిపిన ఆ ఏడాది తన మనసుపై చెరగని ముద్ర వేసినదని ఆయన తరువాత స్మరించుకునేవారు. కోలారు బంగారు గనుల కార్మిక కుటుంబాలకు ఊపిరితిత్తుల వ్యాధి అంటే ఏమిటో వేరుగా చెప్పనవసరం లేదు. మందులు లేని ఆ కాలంలో దాని బారినుంచి బయటపడడం అదృష్టమనే చెప్పాలి.

1905లో వైద్యపట్టా పుచ్చుకున్నారు. కొంతకాలం ఆసుపత్రిలో పనిచేసిన పిమ్మట రోగులను చూడడం తన స్వభావానికి తగిన వృత్తి కాదని ఆయనకే తోచింది. వ్యాధిశాస్త్రం వైపు మళ్ళి, మిషిగన్ విశ్వవిద్యాలయంలో స్వల్పవేతనానికి ఉపాధ్యాయునిగా చేరారు. ఒక వేసవిలో జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్ళి శవపరీక్షా విద్యలో మెళకువలు నేర్చుకున్నారు. తిరిగివచ్చిన తరువాత క్షయ మళ్ళీ తలయెత్తింది. ఈసారి ఊపిరితిత్తులలో. మరికొంతకాలం ఆడిరాండాక్ పర్వతాలలోని ఆరోగ్యకేంద్రంలో గడపవలసివచ్చింది. 1909లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ వైద్యపరిశోధనా సంస్థ సంచాలకులు సైమన్ ఫ్లెక్స్‌నర్ ఆయనకు క్యాన్సర్ ప్రయోగశాల బాధ్యతను అప్పగించారు. క్యాన్సర్‌లో ఆశాజనకమైన దారి ఏదీ కనిపించని ఆ రోజులలో ఆ పదవిని స్వీకరించవద్దని హితవు చెప్పిన పెద్దలూ లేకపోలేదు.

ఒక కోడి, ఒక వడపోత

చేరిన కొద్ది నెలలకే, 1909 అక్టోబరులో, కోళ్ళు పెంచేవారొకరు ఒక పెట్టను ప్రయోగశాలకు తెచ్చారు. నలుపు తెలుపు చారలు గల ప్లిమత్ రాక్ జాతి పెట్ట అది. వయసు సుమారు పదిహేను నెలలు. కుడి రొమ్ముపై పెద్ద కంతి. పరీక్షించి చూడగా అది సార్కోమా, అంటే కండరాలనూ ఎముకలనూ అంటిపెట్టుకునే కణజాలంలో పుట్టే క్యాన్సర్.

రౌస్ ఆ కంతినుంచి చిన్న ముక్కలు తీసి, అదే మందకు చెందిన ఇతర కోళ్ళ శరీరంలో నాటారు. ఒకదానిలో అది నాటుకొని పెరిగింది. దానినుంచి మరొకదానికి, దానినుంచి ఇంకొకదానికి మార్చుతూ పోయారు. ఆరంభంలో దగ్గరి రక్తసంబంధం గల కోళ్ళలోనే నాటుకునేది. మార్పిడి జరిగినకొద్దీ కంతి ఉగ్రరూపం దాల్చి, బంధుత్వం లేని కోళ్ళలోనూ పెరగసాగింది. 1910లో ఈ ఫలితాలను ప్రకటించారు. ఇంతవరకు శాస్త్రజ్ఞులకు అభ్యంతరం లేదు. సజీవమైన క్యాన్సర్ కణాలను నాటితే క్యాన్సర్ మొలుస్తుంది; అంటు కట్టిన మామికొమ్మ చిగిర్చినట్లే.

తరువాతి ప్రయోగం వేరు. ఆయన కంతిని ఇసుకతో కలిపి మెత్తగా నూరి, ఉప్పునీటివంటి ద్రావణంలో కలిపి, ఆ ద్రవాన్ని బెర్క్‌ఫెల్డ్ వడపోత గుండా పోనిచ్చారు. అతిసూక్ష్మరంధ్రాలు గల మట్టి గొట్టమది. మామూలు మట్టికుండ నీటిని చెమర్చనిస్తూ ఒండును ఆపివేసినట్లు, ఈ గొట్టం ద్రవాన్ని వదులుతూ కణాలనూ బాక్టీరియా క్రిములనూ ఆపివేస్తుంది. వడపోసిన ద్రవం తేటగా ఉంటుంది. అందులో ఒక్క క్యాన్సర్ కణమైనా మిగిలే అవకాశం లేదు. ఆ ద్రవాన్ని ఆరోగ్యంగా ఉన్న కోళ్ళకు సూది ద్వారా ఎక్కించారు. కొద్ది వారాలలో వాటికీ సార్కోమా వచ్చింది.

అంటే విత్తనం లేకుండానే మొక్క మొలిచింది. కణాలకంటె చిన్నదైన ఏదో ఒకటి క్యాన్సర్‌ను కలిగిస్తున్నది. 1911లో ఈ విషయాన్ని ప్రకటించినప్పుడు రౌస్ దానిని వైరస్ అని గట్టిగా నామకరణం చేయలేదు. వేరుచేయదగిన కారకమని మాత్రమే వ్యవహరించారు. రుజువు ఎంతవరకు ఉన్నదో అంతవరకే మాట్లాడడం ఆయన జీవితకాలపు అలవాటు. అంతకు మూడేళ్ళ క్రితమే డెన్మార్క్‌లో ఎల్లెర్మన్, బాంగ్ అనే ఇద్దరు ఇదే పద్ధతిలో కోళ్ళ రక్తక్యాన్సర్‌ను సంక్రమింపజేసి చూపారు. అయితే రక్తక్యాన్సర్ నిజమైన క్యాన్సరేనని ఆనాడు ఎవరూ భావించకపోవడంతో ఆ పరిశోధన మరుగునపడింది.

రౌస్‌కు దక్కిన ఆదరణ అంతకంటె గొప్పదేమీ కాదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదని ప్రతి వైద్యునికీ తెలుసు. రోగికి సేవచేసే భార్యకు గానీ, శస్త్రచికిత్స చేసే వైద్యునికి గానీ అది సోకదు. కాబట్టి ఇది క్యాన్సర్ కాదన్నారు కొందరు. క్యాన్సరే అయితే వడపోతలో లోపమున్నదన్నారు మరికొందరు. కోడి ఎక్కడ, మనిషి ఎక్కడ అని చాలామంది నవ్వి ఊరుకున్నారు. రౌస్ మరికొన్ని రకాల కోడి కంతులనుంచి అటువంటి కారకాలనే వేరుచేశారు. సహచరుడు జేమ్స్ మర్ఫీతో కలిసి పొదుగుతున్న గుడ్డులోని పిండంలో కంతిని పెంచారు. కాని ఎలుకల క్యాన్సర్లలో అటువంటి కారకం కోసం ఎంత వెదికినా దొరకలేదు. అదే ఆయనను క్రుంగదీసింది. 1915 ప్రాంతానికి ఆయన ఆ పరిశోధనను పూర్తిగా విరమించారు. విమర్శకులకంటె ఎలుకలే ఆయనను ఓడించాయని చెప్పడం సమంజసం.

రక్తాన్ని నిలువచేసిన వేళ

అదే ఏడు మేరియన్ డికే అనే యువతితో ఆయన వివాహం జరిగింది. ముగ్గురు కుమార్తెలు కలిగారు. ఐరోపాలో మొదటి ప్రపంచయుద్ధం సాగుతున్నది. గాయపడిన సైనికులు రక్తం చాలక మరణిస్తున్నారు. రక్తం ఇచ్చేవారిని రోగి ప్రక్కనే పడుకోబెట్టి నేరుగా ఎక్కించడం తప్ప వేరు మార్గం ఎక్కువగా లేదు. శరీరం బయటకు తీసిన రక్తం గడ్డకట్టుతుంది. గడ్డకట్టకుండా చేసినా కొద్ది రోజులలో ఎర్రకణాలు చితికిపోతాయి. రౌస్, ఆయన సహచరుడు టర్నర్ కలిసి సిట్రేటు లవణాన్ని, చక్కెరను తగిన పాళ్ళలో కలిపిన ద్రావణాన్ని 1916లో రూపొందించారు. సిట్రేటు రక్తాన్ని గడ్డకట్టనీయదు. చక్కెర ఎర్రకణాలను కాపాడుతుంది. చల్లగా ఉంచితే రక్తం వారాల తరబడి పనికివస్తుంది. రాక్‌ఫెల్లర్ సంస్థలోనే పనిచేసిన ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ అనే వైద్యుడు 1917లో ఫ్రాన్స్ యుద్ధరంగానికి వెళ్ళి, ఈ పద్ధతిలో రక్తాన్ని ముందుగానే సేకరించి, మంచుపెట్టెలలో నిలువచేసి క్షతగాత్రులకు ఎక్కించారు. నేడు కోలారులోనైనా బెంగుళూరులోనైనా ఉన్న ప్రతి రక్తనిధికీ మూలపురుషులు వీరే. కాన్పులో రక్తస్రావమై, సమయానికి దొరికిన సీసా రక్తంతో బ్రతికి బయటపడిన తల్లులు ఈ సరిహద్దు పల్లెలలో ఎందరో ఉన్నారు. వారిలో రౌస్ పేరు విన్నవారు ఉండరు.

తరువాతి రెండు దశాబ్దాలు కాలేయం, పిత్తాశయం, సూక్ష్మరక్తనాళాల పరిశోధనలో గడిచాయి. 1921నుంచి ఒక ప్రముఖ వైద్యపరిశోధనా పత్రికకు సంపాదకత్వం వహించి, మరణించేవరకు ఆ బాధ్యతను విడువలేదు. వ్యాసకర్తల వాక్యాలను పదం పదం సరిదిద్దే సంపాదకునిగా ఆయనకు పేరు.

1933లో రిచర్డ్ షోప్ అనే మిత్రుడు అమెరికా అడవి కుందేళ్ళకు లేచే కొమ్మువంటి పులిపిర్లకు ఒక వైరస్ కారణమని కనుగొన్నారు. కుందేలు పాలిచ్చి పెంచే జంతువు. కోడికీ మనిషికీ పోలిక లేదన్నవారికి ఇది సమాధానం. షోప్ తన ఆవిష్కరణను తానే అట్టిపెట్టుకోక, ముందుకు తీసుకువెళ్ళవలసినదిగా రౌస్‌నే కోరారు. విజ్ఞానరంగంలో ఇటువంటి ఔదార్యం తరచుగా కనిపించదు. యాభైయవ పడిలో ఉన్న రౌస్ తాను వదలివేసిన క్షేత్రంలో తిరిగి అడుగుపెట్టారు. ఆ పులిపిర్లు క్రమంగా క్యాన్సర్‌గా మారుతాయని చూపారు. తారువంటి రసాయనం వైరస్‌తో కలిస్తే క్యాన్సర్ మరింత వేగంగా వస్తుందని నిరూపించారు. క్యాన్సర్ ఒక్కసారిగా పుట్టేది కాదని, ఒక కారణం కణాన్ని సిద్ధం చేస్తే మరొక కారణం దానిని రెచ్చగొడుతుందని, మెట్టుమెట్టుగా ముదురుతుందని ఆయన బృందం చెప్పిన మాట నేటికీ నిలిచి ఉన్నది.

1945లో ఉద్యోగవిరమణ చేసినా ప్రయోగశాలకు రావడం మానలేదు. ఈలోగా కాలం మారింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చి వైరస్‌లను కంటికి చూపింది. ఎలుకలలో రక్తక్యాన్సర్ కలిగించే వైరస్‌ను 1951లో లుడ్విక్ గ్రాస్ ప్రకటించారు. పాత కోడి కంతి వైరస్ కొత్త ప్రయోగశాలలన్నింటా ప్రత్యక్షమైంది. 1966లో నోబెల్ వైద్యబహుమతిలో సగభాగం రౌస్‌కు, మిగిలిన సగం ప్రోస్టేట్ క్యాన్సర్‌కు హార్మోను చికిత్సను కనుగొన్న చార్లెస్ హగ్గిన్స్‌కు లభించింది. ఆవిష్కరణకూ బహుమతికీ నడుమ యాభైయైదు సంవత్సరాలు. అప్పటికి రౌస్ వయసు 87. ఆయన పేరును నోబెల్ సంఘానికి మొదటిసారి ప్రతిపాదించినది 1926లో! ఆయన పెద్ద కుమార్తె భర్త, నాడీశాస్త్రజ్ఞుడు ఆలన్ హాడ్జ్‌కిన్, మామగారికంటె మూడేళ్ళు ముందే, 1963లో, ఆ బహుమతి అందుకొని ఉండడం ఒక చమత్కారం.

అయితే ఇంతటి మేధావికీ ఒక పట్టుదల ఉండేది. కణంలోని జన్యువులలో కలిగే మార్పులే క్యాన్సర్‌కు మూలమన్న సిద్ధాంతాన్ని ఆయన చివరివరకు అంగీకరించలేదు. బహుమతి స్వీకరించిన వేదిక మీదనే దానిని ఖండించారు. ఆ సిద్ధాంతాన్ని స్థిరపరచినది ఆయన కనుగొన్న వైరసే కావడం విధివిలాసం అనక తప్పదు. 1970 ఫిబ్రవరి 16వ తేదీన, తొంభైయవ ఏట, న్యూయార్క్‌లో రౌస్ కన్నుమూశారు. జీవితమంతా ఏ వ్యాధిని పరిశోధించారో ఆ వ్యాధే, ఉదరంలో వచ్చిన క్యాన్సర్ రూపంలో, ఆయనను తీసుకుపోయింది.

వెనుకకు నడిచే వ్రాత

ఆయన మరణించిన నాలుగు నెలలకు, 1970 జూన్‌లో, కోడి కంతి వైరస్ తన అసలు రహస్యాన్ని బయటపెట్టింది. ప్రతి జీవకణంలోనూ వంశపారంపర్యపు వ్రాత డీఎన్ఏ అనే పదార్థంలో ఉంటుంది. భూమికి సంబంధించిన మూలపత్రం తాలూకా కచేరీలో భద్రంగా ఉన్నట్లు అది కణం నడిమధ్యన భద్రంగా ఉంటుంది. పనికి కావలసినప్పుడు దానినుంచి ఆర్ఎన్ఏ అనే నకలు తీస్తారు. నకలును చూసి కణం ప్రోటీన్లను తయారుచేస్తుంది. మూలంనుంచి నకలే తప్ప, నకలునుంచి మూలం తయారుకాదని ఆనాటి శాస్త్రజ్ఞులలో అత్యధికుల విశ్వాసం.

రౌస్ వైరస్‌లో ఉన్నది ఆర్ఎన్ఏ మాత్రమే. అది నకలువంటిది. అటువంటప్పుడు అది సోకిన కణం తరతరాలుగా క్యాన్సర్ లక్షణాన్ని ఎలా నిలుపుకుంటున్నది? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని హోవర్డ్ టెమిన్ ఈ ప్రశ్నను ఏళ్ళ తరబడి మథించి, వైరస్ తన నకలును మూలపత్రంగా మార్చి కణపు డీఎన్ఏలో చేర్చుతున్నదని 1964లోనే ప్రతిపాదించారు. రౌస్‌ను నమ్మనట్లే టెమిన్‌నూ నమ్మలేదు. 1970లో టెమిన్, మిజుటాని కలిసి రౌస్ వైరస్‌లోను, డేవిడ్ బాల్టిమోర్ ప్రధానంగా ఎలుకల రక్తక్యాన్సర్ వైరస్‌లోను ఆ పనిచేసే ఎంజైమును వేర్వేరుగా పట్టుకున్నారు. దాని పేరు రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్. వెనుకకు వ్రాసేదని అర్థం. ఆ కారణంగానే ఈ జాతి వైరస్‌లకు రెట్రోవైరస్‌లన్న పేరు స్థిరపడింది. 1975లో టెమిన్, బాల్టిమోర్, వారి పరిశోధనా గురువులలో ఒకరైన డుల్బెకో నోబెల్ పొందారు.

ఈ విషయం ఎంత ప్రమాదకరమైనదో కచేరీ ఉపమానంతోనే అర్థమవుతుంది. దొంగపత్రాన్ని ఎవరైనా తెచ్చి చూపితే చించివేయవచ్చు. అదే దొంగపత్రం అసలు పుస్తకంలో కుట్టివేయబడి, ప్రతి నకలులోనూ అదీ వస్తూ ఉంటే తొలగించడమెలా? రెట్రోవైరస్ చేసేది అదే. జలుబు వైరస్ వచ్చి పోతుంది. రెట్రోవైరస్ ఇంటిమనిషి అయిపోతుంది. ఆ కణం చీలినప్పుడల్లా పిల్లకణాలకూ సంక్రమిస్తుంది.

రౌస్ వైరస్ కోడిలో క్యాన్సర్ కలిగించడానికి కారణం దానిలోని ఒకే ఒక్క జన్యువు. దానికి సార్క్ అని పేరు. 1976లో బిషప్, వార్మస్, వారి సహచరులు ఆ జన్యువు వైరస్ సొంత ఆస్తి కాదని, ఎప్పుడో కోడి కణంనుంచే అపహరించినదని తేల్చారు. మామూలు కోడిలోను, బాతులోను, చివరికి మనిషిలోను ఆ జన్యువు ఉన్నది. ఎదుగుదలకు ఎప్పుడు సంకేతమివ్వాలో, ఎప్పుడు ఆపాలో తెలిసిన జన్యువది. వైరస్ చేతిలో అది ఆపడం మరచిపోయింది. పొలానికి నీరు పెట్టే మోటారు స్విచ్చి ఆన్‌లోనే ఇరుక్కుపోయినట్లు కణం ఎడతెగకుండా పెరిగింది. క్యాన్సర్ బీజాలు బయటనుంచి రానక్కరలేదని, మన జన్యువులే చెడి క్యాన్సర్‌ను కలిగించగలవని దీనితో రుజువైంది. రౌస్ ఒప్పుకోనిది సరిగా ఇదే. ఇక్కడ ఒక సంగతి స్పష్టం చేయాలి. కోళ్ళకు వచ్చే ఈ వైరస్ కోడిమాంసం వలన గాని, గుడ్ల వలన గాని మనుషులకు వ్యాధి కలిగించినట్లు ఎక్కడా రుజువు కాలేదు.

మనుషులకు వ్యాధి కలిగించే రెట్రోవైరస్‌లు వేరు. 1980లో అమెరికాలో రాబర్ట్ గాలో బృందం హెచ్‌టీఎల్‌వీ అనే మొదటి మానవ రెట్రోవైరస్‌ను ప్రకటించింది. జపాన్ నైరుతి ప్రాంతంలో పెద్దవారికి వచ్చే ఒక రక్తక్యాన్సర్‌కు ఇదే కారణమని అక్కడి శాస్త్రజ్ఞులు నిరూపించారు. ఇది తల్లిపాల ద్వారా, సంభోగం ద్వారా, రక్తం ద్వారా వ్యాపిస్తుంది. సోకినవారిలో అత్యధికులకు జీవితాంతం ఏ వ్యాధీ రాదు. వందలో సుమారు అయిదుగురికి మాత్రం దశాబ్దాల పిమ్మట క్యాన్సర్ వస్తుంది. కొందరికి కాళ్ళు పట్టుతప్పే నరాల వ్యాధి వస్తుంది.

రెండవది హెచ్ఐవీ. 1981లో అమెరికాలో యువకులు వింత వ్యాధులతో మరణిస్తున్నారన్న వార్త వెలువడింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారె-సినూసీ, లూక్ మోంటాన్యే బృందం ఒక రోగి గ్రంథినుంచి వైరస్‌ను వేరుచేసింది. ఆ ద్రవంలో వైరస్ ఉన్నదని వారికి ఎలా తెలిసింది? టెమిన్, బాల్టిమోర్ కనుగొన్న ఆ వెనుకకు వ్రాసే ఎంజైము జాడ కనిపించింది కాబట్టి తెలిసింది. కోడి కంతి మీద డెబ్బై ఏళ్ళు సాగిన పరిశోధన లేకుంటే ఆ జాడను గుర్తించగలవారే ఉండేవారు కారు.

హెచ్ఐవీ క్యాన్సర్ వైరస్‌కు భిన్నంగా వ్యవహరిస్తుంది. అది కణాన్ని పెంచదు, చంపుతుంది. చంపేది కూడా శరీరానికి కాపలా కాసే సీడీ4 కణాలను. ఆరోగ్యవంతునిలో ఒక ఘనమిల్లీమీటరు రక్తంలో ఈ కణాలు 500నుంచి 1500 వరకు ఉంటాయి. చికిత్స లేని రోగిలో రోజుకు సుమారు వెయ్యి కోట్ల వైరస్‌లు పుడతాయని అంచనా. కాపలాదారులు తగ్గి తగ్గి 200కు దిగువకు చేరితే ఊరక పడి ఉన్న క్రిములన్నీ లేస్తాయి. మన దేశంలో అందులో మొదటిది క్షయ. రౌస్‌ను యౌవనంలో రెండుసార్లు పడగొట్టిన అదే క్షయ. వెనుకకు వ్రాసే ఎంజైముకు మరొక దుర్గుణం ఉన్నది. అది వ్రాతలో తప్పులు చేసే లేఖకుడు, తప్పు దిద్దుకోదు. అందుచేత వైరస్ రూపం నిత్యం మారుతూ ఒక్క మందుకు లొంగక తప్పించుకుంటుంది. టీకా తయారుకాకపోవడానికీ ఇదొక ముఖ్య కారణం.

భారతదేశంలో దీని జాడ మొదట దొరికినది మాలూరు మీదుగా రైళ్ళు వెళ్ళే చెన్నైలోనే. 1986లో మద్రాసు వైద్యకళాశాలలోని డాక్టర్ సునీతి సాలమన్ మార్గదర్శకత్వంలో నిర్మల అనే యువ విద్యార్థిని రక్తనమూనాలు సేకరించి, పరీక్షకు వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఆరు నమూనాలలో వైరస్ ఉన్నట్లు తేలింది. ఈ దేశపు నీతినియమాల వలన ఆ వ్యాధి ఇక్కడికి రాదని అనుకున్న పెద్దలకు అది పిడుగుపాటు. పాపం పరీక్షకు నమూనాలిచ్చిన స్త్రీలమీదనే నింద పడింది. వారికి ఆ వ్యాధి ఎవరినుంచి వచ్చినదని అడిగినవారు తక్కువ.

మందు కూడా క్యాన్సర్ పరిశోధననుంచే వచ్చింది. 1964లో జెరోమ్ హోర్విట్జ్ క్యాన్సర్ కోసం తయారుచేసి, పనిచేయదని మూలన పడవేసిన ఏజడ్‌టీ అనే పదార్థం ఆ వెనుకకు వ్రాసే ఎంజైమును అడ్డుకుంటుందని తేలి, 1987లో మొదటి హెచ్ఐవీ మందైంది. దానిని చౌకగా తయారుచేసే పద్ధతిని హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో గుంటూరు బిడ్డ డాక్టర్ ఏ.వి. రామారావు బృందం రూపొందించింది. సిప్లా సంస్థ 1990 దశకపు తొలినాళ్ళలో దానిని విపణిలోకి తెచ్చింది. 1996నాటికి మూడు మందులను కలిపి ఇస్తే వైరస్ తప్పించుకోలేదని స్పష్టమైంది. అప్పుడు పాశ్చాత్య సంస్థలు ఏడాదికి పదివేల డాలర్లకు పైగా వసూలు చేసేవి. 2001లో సిప్లా అదే మూడు మందుల సముదాయాన్ని ఏడాదికి 350 డాలర్లకు ఇవ్వజూపింది. 2004 ఏప్రిల్ 1నుంచి భారత ప్రభుత్వం వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఉచితంగా మందులివ్వడం ఆరంభించింది. వాటిలో కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు మూడూ ఉన్నాయి. 2017నుంచి సీడీ4 లెక్కతో నిమిత్తం లేకుండా, పరీక్షలో తేలిన ప్రతివారికీ మందు మొదలుపెట్టుతున్నారు.

మందు వైరస్‌ను అణచివేస్తుంది గానీ పెరికివేయదు. కుట్టివేసిన దొంగపత్రం కొన్ని కణాలలో నిద్రాణమై ఉంటుంది. మాత్రలు మానితే వారాలలో తిరిగి లేస్తుంది. అందువలననే మందు జీవితాంతం. క్రమం తప్పక మింగి, రక్తంలో వైరస్ కనిపించని స్థితికి వచ్చినవారినుంచి సంభోగం ద్వారా అది ఇతరులకు సంక్రమించదని పెద్ద పెద్ద అధ్యయనాలు తేల్చాయి. ఒకే కంచంలో తినడం వలన, ఒకే మంచం మీద పడుకోవడం వలన, దోమకాటు వలన అది ఎన్నడూ రాలేదు, రాదు. ఇటుకబట్టీలకు, పెంకుల కర్మాగారాలకు, లారీల మీద దూరదేశాలకు వెళ్ళివచ్చిన మగవారినుంచి ఇల్లు దాటని ఇల్లాలికి వ్యాధి వస్తే, భర్త పోయిన పిమ్మట ఆమెను ఇంటినుంచి వెళ్ళగొట్టిన సందర్భాలు మాత్రం దక్షిణాది జిల్లాలన్నింటా ఉన్నాయి. 2017లో చేసిన చట్టం అటువంటి వివక్షను నిషేధించింది.

గర్భిణులకు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రాలలో హెచ్ఐవీ పరీక్ష ఉచితం. చికిత్స లేకుంటే తల్లినుంచి బిడ్డకు వైరస్ సోకే అవకాశం నూటికి 15నుంచి 45 వరకు ఉంటుంది. తల్లి మందులు వాడి, బిడ్డకూ పుట్టగానే మందు పోస్తే అది అయిదుకంటె తక్కువకు దిగుతుంది. పుట్టిన బిడ్డ రక్తంలో తల్లినుంచి వచ్చిన ప్రతిరక్షకాలు నెలల తరబడి ఉంటాయి కనుక మామూలు పరీక్షతో బిడ్డకు వ్యాధి ఉన్నదో లేదో చెప్పలేరు. అందుకని ఆరువారాల వయసులో మడమనుంచి కొన్ని రక్తపుచుక్కలు తీసి, ప్రత్యేకమైన కాగితం మీద ఆరబెట్టి ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ వెదికేది ప్రతిరక్షకాలను కాదు, వైరస్ జన్యుపదార్థాన్ని. బిడ్డ కణాలలో అది వెనుకకు వ్రాసి చేర్చిన డీఎన్ఏ నకలు కూడా అందులో ఒక భాగం. పద్దెనిమిది నెలలు నిండిన తరువాత మరొకసారి పరీక్ష చేసి ఫలితాన్ని ఖాయపరుస్తారు. అప్పటివరకు మధ్యలో ఏ ఒక్క పరీక్షనూ తప్పించరాదు.